ద్వీప దేశపు ఔత్సాహిక క్లబ్బు ఖండానికి 13 సార్లు విజేత ఎలా అయింది? ఆక్లాండ్ సిటీ చరిత్రపై ఒక ప్రశ్న

పెదజాలారిపేట ఫుట్‌బాల్:

సభ్యులందరికీ నమస్కారం. విశాఖపట్నంలో మా పేట పిల్లలకు పదకొండేళ్లుగా ఉదయం అయిదున్నర నుంచి ఏడున్నర దాకా ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. మాకు సొంత మైదానం లేదు. ఉన్న ఖాళీ స్థలంలో సభలకూ పెళ్లిళ్లకూ పందిళ్లు వేస్తారు. అవి ముగిసిన మర్నాడు మేము ముందుగా రాటలు పాతిన గుంతల్లో ఇసుక నింపి, మేకులు ఏరి, ఆ తర్వాతనే సున్నంతో గీతలు గీసుకొని ఆట మొదలుపెడతాం.

2025 జూన్‌లో అమెరికాలో జరిగిన క్లబ్ ప్రపంచకప్‌లో బోకా జూనియర్స్‌తో న్యూజిలాండ్‌కు చెందిన ఆక్లాండ్ సిటీ ఆడిన మ్యాచ్‌ను మన కాలమానం ప్రకారం అర్ధరాత్రి పన్నెండున్నరకు నలుగురు పిల్లలతో కలిసి చూశాను. ఆర్జెంటీనాలో అంతటి పేరున్న క్లబ్బును, పగలంతా వేరే ఉద్యోగాలు చేసుకొనే ఆటగాళ్లు 1-1తో నిలువరించారు. మర్నాడు మా పిల్లల్లో ఒకడు, పదహారేళ్లవాడు, "సార్, వాళ్లు పని చేసుకుంటూనే అంత దూరం ఎలా వెళ్లారు?" అని అడిగాడు. వాడు ఫిషింగ్ హార్బరులో తెల్లవారుజామున పడవల నుంచి చేపల తట్టలు దించే పని చేసి, రోజూ ఆలస్యంగా వస్తాడు. వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, ఆ 61 రోజులు మాత్రమే సమయానికి కనిపిస్తాడు.

నేను వాడికి సరైన సమాధానం చెప్పలేకపోయాను. ఆ క్లబ్బు ఓషియానియా (న్యూజిలాండ్, పసిఫిక్ ద్వీపదేశాలు) ఖండ విజేతగా 13 సార్లు నిలిచిందని మాత్రం తెలుసు. న్యూజిలాండ్ జనాభా యాభై లక్షల పైచిలుకు. మనకు క్రికెట్ ఎలాగో వాళ్లకు రగ్బీ అలాగ. అలాంటి దేశంలో, జీతాలు లేని ఒక క్లబ్బు ఇన్నేళ్లు ఇంత నిలకడగా గెలవడానికి కారణమేమిటి? డబ్బా, మంచి శిక్షకులా, లేక ఎదురు నిలిచేవారు లేకపోవడమా? క్లబ్బు పుట్టుక నుంచి తెలిసినవారు వివరంగా రాస్తే మా పిల్లలకు చదివి వినిపిస్తాను.

వాల్తేరు చరిత్ర విద్యార్థి:

మీ ప్రశ్నకు సమాధానం 2004 నుంచి మొదలుపెట్టడం పొరపాటవుతుందని నా అభిప్రాయం. కాగితం మీద ఆక్లాండ్ సిటీ పుట్టింది ఆ ఏడాదే. అంతవరకు ఉన్న జాతీయ లీగును రద్దుచేసి న్యూజిలాండ్ ఫుట్‌బాల్ చాంపియన్‌షిప్ పేరుతో ఎనిమిది జట్ల కొత్త పోటీని పెట్టినప్పుడు, అందులో ఆడటానికి ఏర్పాటైన జట్టు ఇది. తొలి సీజన్‌లోనే విజేత అయింది. నిన్న పుట్టిన జట్టు ఈరోజు ఎలా గెలిచిందని అడిగితే, దాని వెనుక అప్పటికే నలభై ఏళ్ల వయసున్న సెంట్రల్ యునైటెడ్ అనే మరో క్లబ్బు ఉందని చెప్పాలి. ఆ క్లబ్బు వెనుక ఏముందో తెలియాలంటే ఇంకా వెనక్కి వెళ్లాలి.

పందొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాల్లో, ఇప్పటి క్రొయేషియాలోని డాల్మేషియా తీరం నుంచి యువకులు న్యూజిలాండ్ ఉత్తర ప్రాంతానికి వలస వెళ్లారు. అప్పుడు వాళ్ల ఊళ్లు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేవి. వాళ్లు వెళ్లింది గుగ్గిలం తవ్వడానికి. కౌరీ అనే మహావృక్షాల నుంచి కారి, వేల ఏళ్లుగా నేలలో పూడిపోయి గట్టిపడిన గుగ్గిలానికి ఆ రోజుల్లో వార్నిష్ తయారీలో గిరాకీ ఎక్కువ. మన మన్యంలో గుగ్గిలం చెట్టుకు గాటు పెట్టి తీస్తారు. అక్కడ మాత్రం పొడవాటి ఇనుప కడ్డీని బురదనేలలో గుచ్చుతూ, గట్టిగా తగిలిన చోట పారతో తవ్వి, దొరికిన ముద్దను గీకి శుభ్రం చేసి అమ్మేవారు. మోకాలి లోతు బురదలో రోజంతా చేసే పని అది. ఆ తరం పిల్లలు, మనవలు, తర్వాత వచ్చిన మరికొందరు వలసదారులు ఆక్లాండ్ నగరంలో స్థిరపడ్డారు. వాళ్లలోని యువకులు 1962లో పెట్టుకొన్న ఫుట్‌బాల్ క్లబ్బే సెంట్రల్ యునైటెడ్.

ఇది మన ఉత్తరాంధ్రవారికి బాగా అర్థమయ్యే కథ. మన ముత్తాతల కాలంలో ఊళ్లకు ఊళ్లు "రంగం" వెళ్లాయి. రంగూన్‌ను మనవాళ్లు అలాగే పిలిచేవారు. అక్కడి నుంచి తిరిగి వచ్చినవారి వల్ల కంచరపాలెంలో బర్మా క్యాంపు ఏర్పడి, ఆ పేరు ఇప్పటికీ నిలిచి ఉంది. పరాయి నేల మీద ఒక జాతి నిలదొక్కుకోవాలంటే ఒక గుడో, సంఘమో, ఏడాదికొకసారి అందరూ కలిసే సందర్భమో కావాలి. డాల్మేషియా వారికి ఆ కూడలి స్థలాల్లో ఒకటి శాండ్రింగమ్ ప్రాంతంలోని కివిటియా వీధి మైదానం అయింది. సెంట్రల్ యునైటెడ్ 1997లోను 1998లోను దేశంలోని నాకౌట్ టోర్నీ అయిన చాతమ్ కప్‌ను వరుసగా గెలిచింది. అంటే ఆక్లాండ్ సిటీ పేరు పుట్టేనాటికే మైదానం, పచ్చిక కోసే స్వచ్ఛంద సేవకులు, చిన్నపిల్లల జట్ల నుంచి పెద్దల జట్టు దాకా ఒక వరుస, గెలిచే అలవాటు అన్నీ ఉన్నాయి. కొత్త లీగు నిబంధనలు కొత్త పేరును కోరాయి కాబట్టి ఆ ఇంటికి ముందువైపు ఒక కొత్త గది కట్టారు. అంతే.

ఇక రెండో కారణం క్లబ్బు చేతిలో లేనిది. 2005 వరకు ఓషియానియా సమాఖ్యలో ఆస్ట్రేలియా ఉండేది. ఆ ఏడాది ఖండ విజేత సిడ్నీ క్లబ్బు. 2006 జనవరి 1 నుంచి ఆస్ట్రేలియా ఆసియా సమాఖ్యలోకి మారింది. అందువల్ల ఖాళీ అయిన సింహాసనం మీద అదే ఏడాది ఆక్లాండ్ సిటీ కూర్చుంది. ఫైనల్లో తహితీకి చెందిన పిరే క్లబ్బును 3-1తో ఓడించింది. అయితే తలుపు తెరుచుకోవడం ఒక ఎత్తు, ఆ క్షణంలో గుమ్మం ముందు సిద్ధంగా నిలబడి ఉండటం మరొక ఎత్తు. మీ పిల్లవాడికి ఈ మాట ముందు చెప్పండి.

ఉక్కునగరం స్టాపర్:

పై సభ్యులు చెప్పిన పూర్వ చరిత్ర నాకు కొత్త. శ్రద్ధగా చదివాను. కానీ 13 అనే అంకెను చూసి పిల్లలు తప్పుగా అర్థం చేసుకోకూడదన్న బాధ్యతతో రెండో వైపు కూడా రాస్తున్నాను. నేను ముప్పయ్యేళ్లు డిఫెన్సులో ఆడినవాడిని. ఎదుటి జట్టు బలాన్ని లెక్కలోకి తీసుకోని గెలుపును లెక్కపెట్టడం నాకు అలవాటు లేదు.

ఆస్ట్రేలియా వెళ్లిపోయాక ఓషియానియాలో మిగిలినవి న్యూజిలాండ్, చిన్న చిన్న ద్వీపదేశాలు. సాలమన్ దీవులు, వనువాటు, ఫిజీ, న్యూ కాలెడోనియా, తహితీ, పాపువా న్యూగినీ వంటి చోట్ల ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టేవారు ఉన్నారు. నైపుణ్యం ఉంది. వాళ్లకు లేనివి మైదానాలు, వైద్యులు, ప్రయాణ ఖర్చులు. ఆక్లాండ్ నుంచి తహితీ సుమారు 4,000 కిలోమీటర్లు. మనకు విశాఖ నుంచి ఢిల్లీ విమాన మార్గంలో ఉన్న దూరానికి అది దాదాపు మూడింతలు. ఒక మ్యాచ్ ఆడటానికి సముద్రం మీద అంత దూరం ఎగరాల్సిన ఖండంలో, కాస్త స్థిరమైన ఏర్పాట్లున్న నగరానిదే పైచేయి అవుతుంది.

పైగా అక్కడ కూడా గెలుపు ఏకపక్షం కాలేదు. 2007, 2008 సంవత్సరాల్లో ఖండ విజేత అదే నగరపు పడమటి వైపునున్న వైటాకెరే యునైటెడ్. 2010లో పాపువా న్యూగినీకి చెందిన హెకారి యునైటెడ్ గెలిచి న్యూజిలాండ్ వరుసను తెంచింది. 2018లో టీమ్ వెల్లింగ్టన్ గెలిచింది. 2019లో అయితే ఫైనల్ ఆడిన రెండు క్లబ్బులూ న్యూ కాలెడోనియావే. నా దృష్టిలో ఆ ఖండపు ఫుట్‌బాల్ చరిత్రలో అది చాలా మంచి రోజు.

ఇక ప్రపంచ వేదిక అయిన క్లబ్ ప్రపంచకప్‌లో ఏం జరిగింది? 2006లో ఈజిప్టుకు చెందిన అల్ అహ్లీతో 0-2, కొరియా క్లబ్బు జియోన్‌బుక్‌తో 0-3. 2011లో జపాన్ క్లబ్బు కషివాతో 0-2, 2012లో హిరోషిమాతో 0-1, 2015లో మళ్లీ హిరోషిమాతో 0-2, 2016లో కషిమాతో 1-2, 2017లో అబుదాబి క్లబ్బు అల్ జజీరాతో 0-1. రెండు మ్యాచ్‌లు ఆడిన 2006 తప్ప ఇవన్నీ తొలి మ్యాచ్‌తోనే ఇంటిదారి పట్టిన ఏళ్లు. చివరికి 2025 జూన్ 15న సిన్సినాటిలో బయెర్న్ మ్యూనిక్ చేతిలో 0-10. ఆ మ్యాచ్‌లో 21 నిమిషాలకే నాలుగు గోల్స్ పడ్డాయి. ఆ టోర్నీ చరిత్రలోనే అతి పెద్ద తేడా అది. తర్వాత బెన్ఫికా 6-0తో ఓడించింది. బోకాతో వచ్చిన ఫలితం గొప్పదే. కానీ ఆ పది గోల్స్‌ను పిల్లలకు చెప్పకుండా దాచవద్దని మనవి. ఓటమి అంకెలు తెలిస్తేనే మూడో మ్యాచ్‌లో వాళ్లు లేచి నిలబడటం ఎంత కష్టమో తెలుస్తుంది.

మధురవాడ మిడ్‌ఫీల్డ్:

స్టాపర్ గారు ఇచ్చిన జాబితా సరైనదే. అయితే ఆయన ఎంచిన ఏళ్ల మధ్య వదిలేసిన మూడు ఏళ్లలోనే ఈ క్లబ్బు అసలు కథ ఉందని నేను గట్టిగా నమ్ముతాను. అవి 2009, 2013, 2014.

2009లో అబుదాబిలో దుబాయ్‌కి చెందిన అల్ అహ్లీని 2-0తో ఓడించింది. న్యూజిలాండ్ క్లబ్బు ఒకటి ఆ టోర్నీలో గెలవడం అదే మొదటిసారి. తర్వాత మెక్సికో క్లబ్బు అట్లాంటే చేతిలో ఓడినా, అయిదో స్థానం కోసం జరిగిన మ్యాచ్‌లో కాంగోకు చెందిన ఆఫ్రికా విజేత మజెంబేను 3-2తో గెలిచింది. అప్పటి శిక్షకుడు పాల్ పోసా. 2025లో కూడా ఆ క్లబ్బు శిక్షకుడు ఆయనే. పదహారేళ్ల తర్వాత కూడా అదే మనిషి అదే క్లబ్బు బాధ్యత మోయడం డబ్బుతో కొనగలిగినది కాదు.

2013లో మొరాకోలోని అగాదిర్‌లో రాజా కాసాబ్లాంకాతో మ్యాచ్. సొంత ప్రేక్షకుల హోరు మధ్య రాజా ముందంజలో ఉండగా, రెండో సగంలో గోలు కొట్టి సమం చేసిన ఆటగాడు మన దేశంలో అందరికీ తెలిసినవాడు, రాయ్ కృష్ణ. అవును, తర్వాత ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో కోల్‌కతాకు, బెంగళూరుకు, మన పక్కనే ఉన్న ఒడిశాకు ఆడిన ఫిజీ వీరుడే. చివరి నిమిషాల్లో రాజా మరో గోలు కొట్టి 2-1తో బయటపడింది. ఆ రాజాయే ఆ టోర్నీలో ఫైనల్ దాకా వెళ్లింది. ఇక్కడ ఒక్క మాట ప్రక్కకు జరిగి చెబుతాను. ఫిజీకి గిర్మిట్ (ఒప్పంద) కూలీలుగా మద్రాసు రేవు మీదుగా వెళ్లినవారిలో మన విశాఖ జిల్లా వాళ్లు ఎందరో ఉన్నారు. రాయ్ కృష్ణ పూర్వీకులు ఆ తెలుగువారే అని నేను అనడం లేదు. ఆ ద్వీపాల ఫుట్‌బాల్ మనకు పూర్తిగా పరాయిది కాదని మాత్రమే నా ఉద్దేశం.

ఇక 2014. ఇది కొంచెం నిదానంగా చెప్పాలి. వేదిక మళ్లీ మొరాకో. డిసెంబరు 10న రబాత్‌లో ఆతిథ్య దేశపు విజేత మోగ్రెబ్ తెతువాన్‌తో తొలి మ్యాచ్. 120 నిమిషాలు గోలు లేదు. పెనాల్టీల్లో 4-3తో గెలిచారు. మూడు రోజుల తర్వాత ఆఫ్రికా విజేత, అల్జీరియాకు చెందిన సెతిఫ్‌తో క్వార్టర్ ఫైనల్. 52వ నిమిషంలో జాన్ ఇర్వింగ్ అనే డిఫెండర్ గోలు కొట్టాడు. మిగిలిన సమయమంతా బంతిని తమ కాళ్ల మధ్య తిప్పుతూ 1-0తో నిలబెట్టుకొన్నారు. ఈ "తిప్పడం" వెనుక ఉన్నవాడు స్పెయిన్‌లోని కాటలోనియాకు చెందిన శిక్షకుడు రామోన్ త్రిబులియెచ్. ఎత్తుగా గాలిలోకి కొట్టి పరుగెత్తే పాత అలవాటును మాన్పించి, గోల్‌కీపర్ నుంచే చిన్న చిన్న పాసులతో ఆట కట్టడం ఆయన నేర్పాడు. ఆంగెల్ బెర్లాంగా వంటి స్పెయిన్ ఆటగాళ్లు కూడా జట్టులో ఉండేవారు. 2011 నుంచి 2017 దాకా వరుసగా ఏడు ఖండ కిరీటాలు ఈయన కాలానివే.

సెమీఫైనల్ మర్రాకెష్‌లో, దక్షిణ అమెరికా విజేత సాన్ లొరెంజోతో. అప్పటి పోప్ ఫ్రాన్సిస్ చిన్ననాటి నుంచి అభిమానించిన క్లబ్బు అది. మొదటి సగం ఆఖరి క్షణాల్లో ఆర్జెంటీనా జట్టు గోలు కొట్టింది. 67వ నిమిషంలో బెర్లాంగా సమం చేశాడు. నిర్ణీత సమయం ముగిసేసరికి 1-1. తర్వాత అదనపు సమయం మొదలైన కాసేపటికే సాన్ లొరెంజో రెండో గోలుతో 2-1గా గెలిచింది. ఆ ఒక్క గోలు లేకపోతే ఫైనల్లో రియల్ మాద్రిద్‌తో ఆడేది ఆక్లాండ్ సిటీయే కావచ్చు. మూడో స్థానానికి మెక్సికో క్లబ్బు క్రూజ్ అజూల్‌తో 1-1గా ఆడి, పెనాల్టీల్లో 4-2తో గెలిచారు. ప్రపంచంలో మూడో స్థానం.

అన్నిటికంటే నా మనసుకు హత్తుకున్నది ఆ టోర్నీ వ్యక్తిగత బహుమతులు. ఉత్తమ ఆటగాడు సెర్హియో రామోస్, రెండో స్థానం క్రిస్టియానో రొనాల్డో, మూడో స్థానం ఆక్లాండ్ సిటీ కెప్టెన్ ఇవాన్ విసెలిచ్. అప్పుడాయన వయసు 38. పేరు చూస్తేనే తెలుస్తుంది, వాల్తేరు సభ్యులు చెప్పిన డాల్మేషియా వంశమే. నెదర్లాండ్స్‌లో ఏళ్ల తరబడి ఆడి, 2010 ప్రపంచకప్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడని న్యూజిలాండ్ జట్టులోనూ ఉండి, చివరికి తన సొంత వీధి క్లబ్బుకు తిరిగొచ్చినవాడు. స్టాపర్ గారు డిఫెండర్ కనుక ఆయన ఆటను తప్పక చూడాలని కోరుతున్నాను. పరుగెత్తే వయసు దాటినా, బంతి ఎక్కడికి రాబోతుందో ముందే అక్కడ నిలబడేవాడు.

పెదజాలారిపేట ఫుట్‌బాల్:

ఎంతో శ్రమ తీసుకొని రాసిన ముగ్గురికీ కృతజ్ఞతలు. స్టాపర్ గారి జాబితాను కూడా పిల్లలకు ఉన్నదున్నట్టుగా చదువుతాను. అయితే మా వాడు అడిగిన ప్రశ్నలో సగం ఇంకా మిగిలే ఉంది. పని చేసుకుంటూ ఆడటం అంటే అసలు ఎలా? వాళ్లు ఎప్పుడు సాధన చేస్తారు? టోర్నీలకు సెలవులు ఎలా దొరుకుతాయి? ఆ వీధి మైదానాన్ని చూసినవారు ఎవరైనా ఉన్నారా?

గాజువాక నుంచి ఆక్లాండ్:

మాది గాజువాక. పన్నెండేళ్లుగా ఆక్లాండ్‌లో ఉంటున్నాను. కివిటియా వీధి ఉన్న శాండ్రింగమ్ ప్రాంతానికి మనవాళ్లంతా వారానికొకసారైనా వెళ్తాం, ఎందుకంటే భారతీయ కిరాణా దుకాణాలూ హోటళ్లూ ఎక్కువగా ఉన్నది అక్కడే. కరివేపాకు, చింతపండు, ఇడ్లీ రవ్వ కొనుక్కొని, సంచి కారులో పెట్టి, అక్కడి నుంచి మైదానానికి వెళ్లడం నాకు చాలా కాలంగా అలవాటు.

మొదటిసారి వెళ్లినప్పుడు దారి తప్పాననుకొన్నాను. రెండు వైపులా ఇళ్లు, కంచెలు, ముంగిళ్లలో చెట్లు, వాటి మధ్య ఒక గేటు. లోపల చక్కటి పచ్చిక, ఒక పక్క చిన్న స్టాండు, క్లబ్బు భవనం. కిక్కిరిసినా నాలుగు వేలమంది పట్టరు. మన పోర్టు స్టేడియంనో మునిసిపల్ స్టేడియంనో చూసిన కళ్లకు అది ఖండ విజేత మైదానంలా కనిపించదు. గీతకు మూడడుగుల దూరంలో నిలబడి చూడవచ్చు. ఆటగాళ్లు ఒకరినొకరు పిలుచుకొనే మాటలు, బంతి బూటుకు తగిలే చప్పుడు స్పష్టంగా వినిపిస్తాయి. ముదురు నీలం జెర్సీల వల్ల జట్టుకు "నేవీ బ్లూస్" అని పేరు. తూర్పు నౌకాదళపు ఊరి నుంచి వచ్చిన నాకు ఆ పేరు వినగానే సొంతమనిపించింది.

మీ ప్రశ్నకు వస్తాను. ఆటగాళ్లకు జీతం ఉండదు. ఖర్చుల కింద వారానికి 150 న్యూజిలాండ్ డాలర్లకు మించి ఇవ్వకూడదని ఔత్సాహికుల నిబంధన. కాబట్టి ప్రతివారికీ ఒక ఉద్యోగం ఉండి తీరాలి. బయెర్న్‌తో పది గోల్స్ తిన్న మ్యాచ్‌లో గోల్‌కీపర్‌గా నిలబడిన కోనర్ ట్రేసీ పశువుల మందుల గిడ్డంగిలో పనిచేస్తాడు. బోకా మీద గోలు కొట్టిన క్రిస్టియన్ గ్రే ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నవాడు. ఇతరుల్లో అమ్మకాల ప్రతినిధులు, విద్యార్థులు ఉన్నారు. సాధన సాయంత్రం, అందరూ పని నుంచి తిరిగివచ్చాక. టోర్నీలకు వార్షిక సెలవులు వాడుకొంటారు. అవి చాలకపోతే జీతం కోల్పోయే సెలవు పెట్టుకొంటారు. భార్యలు, తల్లిదండ్రులు, పై అధికారులు కొంత సర్దుకుంటేనే ఒక ఆటగాడు నెల రోజులు అమెరికా వెళ్లగలిగాడు. ఈ సంగతిని ఇక్కడివారు గొప్పగా కాదు, మామూలుగా చెప్పుకొంటారు.

బోకా మ్యాచ్‌లో ఆ గోలును మీరు చూశారు కదా. నాష్‌విల్‌లో మొదటి సగంలో బంతి స్తంభానికి తగిలి వచ్చి, మన గోల్‌కీపర్ నేథన్ గారో ఒంటికి తాకి లోపలికి వెళ్లింది. అంటే లెక్కకు సొంత గోలు. ఆ సమయానికి ఆ టోర్నీలో ఆక్లాండ్ సిటీ 17 గోల్స్ ఇచ్చి ఒక్కటి కూడా కొట్టలేదు. 52వ నిమిషంలో హెర్సోన్ లాగోస్ కార్నర్ నుంచి బంతిని లోపలికి పంపగా, గ్రే గుంపులోంచి పైకి లేచి నుదుటితో కొట్టాడు. కాసేపటికే ఉరుములూ మెరుపుల హెచ్చరికతో ఆట చాలాసేపు ఆగింది. మళ్లీ మొదలయ్యాక చివరి విజిల్ దాకా కాచుకొన్నారు. ఆ రోజు నేను ఆఫీసులో ఉన్నాను. ఇక్కడ ఉదయం పూట. ఫుట్‌బాల్ నియమాలు కూడా తెలియని రగ్బీ అభిమానులు నా కంప్యూటర్ చుట్టూ చేరి నిలబడ్డారు.

డబ్బు విషయం కూడా అడిగారు కాబట్టి చెప్పాలి. ఆ టోర్నీలో పాల్గొన్నందుకు 35.8 లక్షల అమెరికా డాలర్లు, ఆ డ్రాకు మరో 10 లక్షలు. జీతాలు లేని లీగులో ఒక్క క్లబ్బు చేతికి ఇంత సొమ్ము రావడం మంచిదా అన్న చర్చ ఇక్కడ కూడా జరిగింది. నాకైతే మంచిదే అనిపించదు. పక్క క్లబ్బులు బలహీనపడితే ఆక్లాండ్ సిటీ శనివారం నాడు ఎవరితో ఆడుతుంది?

ముందున్న కాలం ఈ క్లబ్బుకు తేలిక కాదు. 2024లో ఇదే నగరంలో ఆక్లాండ్ ఎఫ్‌సీ అనే పూర్తి ప్రొఫెషనల్ క్లబ్బు మొదలై ఆస్ట్రేలియా లీగులో ఆడుతోంది. తొలి సీజన్‌లోనే లీగు దశలో అగ్రస్థానం సాధించి, వేల మంది ప్రేక్షకులను తనవైపు తిప్పుకొంది. ఓషియానియా సమాఖ్య 2026 నుంచి ఎనిమిది జట్లతో ఒక ప్రొఫెషనల్ లీగును తలపెట్టింది. ఆ ఎనిమిదిలో ఆక్లాండ్ సిటీ పేరు లేదు. 2022లో సొంత ఊళ్లో, 2023లో వనువాటులో, 2024లో తహితీలో, 2025లో సాలమన్ దీవుల్లో వరుసగా నాలుగుసార్లు ఖండాన్ని గెలిచిన క్లబ్బుకు ఇది చేదుగా ఉండదా అంటే ఉంటుంది. కానీ సాలమన్, వనువాటు, ఫిజీ ఆటగాళ్లకు ఆట ద్వారా జీతం దొరుకుతుందంటే, స్టాపర్ గారు అన్న న్యాయం అందులో ఉందని నేను కూడా ఒప్పుకుంటాను.

ఉక్కునగరం స్టాపర్:

గాజువాక మిత్రులకు ధన్యవాదాలు. విసెలిచ్ ఆడిన సెతిఫ్ మ్యాచ్‌ను నిన్న రాత్రి వెతికి పూర్తిగా చూశాను. మధురవాడ సభ్యులు చెప్పింది నిజం. రెండో సగంలో సెతిఫ్ వాళ్లు పదే పదే వేసిన బంతులను ఎగిరి కాక, అడుగు ముందు వేసి ఆపిన తీరు చూశాక, నేను ఇచ్చిన ఓటముల జాబితాకు పక్కన ఈ మ్యాచ్‌ను కూడా పెట్టాల్సిందేనని ఒప్పుకొంటున్నాను. ఖండం బలహీనమైనదన్న మాటను మాత్రం ఉపసంహరించుకోవడం లేదు. ఆ రాత్రి ఎదుట ఉన్నది ఓషియానియా జట్టు కాదు కదా.

పెదజాలారిపేట ఫుట్‌బాల్:

నిన్న ఆదివారం పిల్లలను సున్నపు గీతల పక్కన కూర్చోబెట్టి మీ సమాధానాలన్నీ చదివాను. గుగ్గిలం తవ్వేవాళ్ల కథకు వాళ్లు ఇంతగా నిశ్శబ్దం అవుతారని అనుకోలేదు. పది గోల్స్ దగ్గర ఒకరిద్దరు నవ్వారు, తర్వాత ఆ గోల్‌కీపర్ సోమవారం మళ్లీ గిడ్డంగికి వెళ్లాడా అని అడిగారు.

ఇన్నేళ్లూ నేను హార్బరు కుర్రవాడిని ఆలస్యానికి మందలిస్తూ వచ్చాను. పని ముగిశాక సాయంత్రం సాధన చేస్తారన్న వాక్యం చదువుతున్నప్పుడు వాడు తల ఎత్తి నా వైపు చూశాడు. వచ్చే సోమవారం నుంచి మా సాధన సాయంత్రం అయిదు నుంచి ఏడు వరకు. స్థలంలో దీపాలు లేవు కాబట్టి, చీకటి పడే కాలానికి రెండు ఫ్లడ్ లైట్లు అద్దెకు తేవడానికి పేటలో చందా మొదలుపెట్టాం. ఏ వాట్ సరిపోతుందో, వాటిని ఎంత ఎత్తున కట్టాలో తెలిసినవారు ఇక్కడే రాయగలరు.